నా వీడియోకి నేనే వేసిన దండోరా

తిరువూరులో నా వెనకాల నా గురించి మాట్లాడుకున్నవాళ్ళు ఇంతకుముందూ ఉండే ఉంటారు. అందులో వింతేం లేదు. కానీ "రండి, నా గురించి మాట్లాడుకోండి" అని మూడువందల పన్నెండుమందికి ఒకే పూట, నా చేతులతో నేనే పిలుపు పంపుకున్నవాణ్ణి మాత్రం ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే. అందులో మా ప్రిన్సిపాల్ గారున్నారు, పాస్టర్ గారున్నారు, మా మామగారున్నారు, గ్యాస్ సిలిండర్ తెచ్చే అతను కూడా ఉన్నాడు. ఇది నవ్వుతూ చెప్పే కథే. కాకపోతే మధ్యలో ఒకటి రెండు చోట్ల నాకు నవ్వు రాదు. మీకు వస్తే నవ్వండి, నేనేమీ అనుకోను.

నాలుగేళ్ళ కిందటి మాట. అప్పటికి నాకు ముప్పై నాలుగు. ఇక్కడే ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరర్ని. నా భార్య కరుణ ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాను. బజార్లో తల వంచుకుని నడిచేవాణ్ణి, అప్పు అడిగేవాణ్ణి కాదు, గట్టిగా తుమ్మేవాణ్ణి కూడా కాదు. "ప్రకాశ్ సార్ అంత బుద్ధిమంతుడు ఇంకొకడు లేడు" అని పదిమంది అనడం నా చెవిన పడింది. ఆ మాట నా చెవిలోంచి మళ్ళీ బయటికి పోలేదు, అక్కడే కాపురం పెట్టింది. అదీ అసలు జబ్బు.

ఒక గురువారం నాకో ఫ్రెండ్ రిక్వెస్టు వచ్చింది. పేరు శ్వేత. ఎమ్మెస్సీ చదువుతోందట.

"సార్, మీరు చాలా బాగా చెబుతారని విన్నాను. నాకు కప్ప గుండె మీద డౌటు ఉంది."

పాఠకులారా, పదకొండేళ్ళ నా ఉద్యోగంలో కప్ప గుండె గురించి తనంతట తానుగా అడిగిన మొదటి మనిషి ఆమె. మా క్లాసులో పిల్లలు అడిగేది ఒక్కటే, "సార్, ఇది ఇంపార్టెంటా?" అని. నేను ఉప్పొంగిపోయాను. కప్ప గుండెకి మూడు గదులనీ, మంచి రక్తం చెడు రక్తం ఎక్కడ కలుస్తాయనీ రెండు రోజులపాటు రాశాను. బొమ్మ కూడా గీసి, ఫోటో తీసి పంపాను. ఎవరామె, ఏ కాలేజీ, నా గురించి ఎవరి దగ్గర వింది? ఒక్కటీ అడగలేదు. "మీలా చెప్పేవాళ్ళు లేరు సార్" అని రాసింది. దానితో నా బుర్రలో ఉన్న నాలుగు గదులూ మూతపడ్డాయి.

శనివారం కాలేజీకి సెలవు. కరుణ డ్యూటీకి వెళ్ళింది. పొద్దున పదింటికి అద్దం ముందు నిలబడి గెడ్డం గీసుకుంటున్నాను. కుడివైపు అయింది, ఎడమవైపు నురగ. ఫోన్ మోగింది. శ్వేత, వీడియో కాల్. కప్ప తర్వాత బల్లి గుండె అడుగుతుందేమో అనుకుని ఎత్తాను.

ఆమె ఒంటి మీద బట్టల్లేవు.

పాము కనబడితే అడుగు వెనక్కి వేయాలని పిల్లలకి చెప్పేది నేనే. నేను మాత్రం నోరు తెరుచుకుని, సగం నురగతో, అలాగే నిలబడిపోయాను. ఇరవై సెకన్లు ఉండొచ్చు. కాల్ అటువైపే ఆగిపోయింది. రెండు నిమిషాల్లో ఆ కాల్ మొత్తం వీడియోగా నా ఫోన్‌కే వచ్చింది. పైన ఆమె, కింద కొయ్యబారిన మొహంతో నేను. ఆ వెనకే ఒక జాబితా. కరుణ పేరు. మా నాన్న పేరు. మా చర్చి గ్రూపు పేరు. కాలేజీ గ్రూపు పేరు.

తర్వాత ఒక మగగొంతు ఫోన్ చేసింది. హిందీ. నాకు హిందీ పదో తరగతి పరీక్షతో సరి.

"పంపమంటావా? పది నిమిషాల్లో అందరికీ వెళ్తుంది."

"నహీ సార్! నహీ నహీ సార్!"

బెదిరించేవాణ్ణి కూడా సార్ అన్నాను. మర్యాద ఎక్కడా తప్పలేదు. మర్యాదగానే అకౌంట్లో ఉన్నది ఊడ్చి పంపాను. ఆదివారం ఇంకొకడు చేశాడు. తాను పోలీసు ఆఫీసర్నన్నాడు, ఆ అమ్మాయి ప్రాణం తీసుకుందన్నాడు, నా పేరు చీటీలో రాసి పెట్టిందన్నాడు. నేను బాత్రూములో తలుపేసుకుని, కుళాయి తిప్పి, ఏడుస్తూ స్నేహితుడి దగ్గర అప్పు తెచ్చిందీ పంపాను. ఆ పూట చర్చిలో నేను వాయించిన పాట ఏమిటో పాడేవాళ్ళకి చివరిదాకా తెలియలేదు. ఎవరి రాగం వాళ్ళు తీసుకున్నారు.

"ఒంట్లో బాలేదా?" అంది కరుణ.

"వేడి చేసింది."

"మజ్జిగ తాగండి."

తాగాను. ఈ ప్రపంచంలో మజ్జిగతో తగ్గనిది ఒకటి ఉందని ఆమెకి చెప్పడానికి నోరు రాలేదు. పదకొండేళ్ళుగా నా పక్కన ఉన్న మనిషి, ఒక్క అడుగు దూరంలో ఉంది. నాకేమో ఆ ఇద్దరు దొంగలే దగ్గరివాళ్ళయిపోయారు. వాళ్ళకి తెలిసింది ఆమెకి తెలియకూడదు, అంతే నా లెక్క.

సోమవారం పొద్దున మళ్ళీ మెసేజ్. ఇంకా కావాలట. నా దగ్గర ఇంకేమీ లేదు. బండి తీశాను. బండి కాలేజీ దగ్గర ఆగలేదు, గంపలగూడెం రోడ్డు పట్టింది. వాగు మీద వంతెన దగ్గర ఆపి, పిట్టగోడ దగ్గర నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఇక్కడే నాకు నవ్వు రానిది. నా కళ్ళముందు ఒక్కటే బొమ్మ. చర్చి గ్రూపులో మా నాన్న ఆ వీడియో తెరవడం, కళ్ళజోడు సవరించుకుని ఇది మావాడేనా అని చూడడం. ఆ బొమ్మ ఆగాలంటే నేను లేకుండా పోవడమొక్కటే దారని నిజంగా నమ్మాను. చదువుకున్నవాణ్ణి, పదిమందికి చెప్పేవాణ్ణి, అంత నిశ్చయంగా నమ్మాను.

కింద నీళ్ళు మోకాలి లోతు లేవు. ఒకాయన గేదెల్ని కడుగుతున్నాడు. తల ఎత్తి చూశాడు.

"ఏం సారూ, బండి ఆగిందా?"

"ఆఁ."

"పెట్రోలా?"

"ఏమో."

గేదెని వదిలేసి గట్టెక్కి వచ్చాడు. తడిచేతులు పంచెకి తుడుచుకుని బండి ఊపి చూశాడు. "టాంకు నిండుగానే ఉందే" అన్నాడు. కిక్కు కొట్టాడు, స్టార్టయింది. నా మొహం ఒకసారి చూశాడు. ఏం కనబడిందో మరి, "ఎండగా ఉంది, ఇక్కడ నిలబడకండి. ఎల్లండి, ఎల్లండి" అని నేను కదిలేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన పేరు నేను అడగలేదు. ఆయన బాగు చేసింది బండిని కాదని ఆయనకి తెలిసే ఉంటుందని ఇప్పటికీ నా అనుమానం.

వెనక్కి వస్తుంటే దారిలో తట్టింది మహత్తరమైన ఆలోచన. వాళ్ళు పంపకముందే నేనే చెప్పేస్తే? ఇక వాళ్ళ దగ్గర ఏముంటుంది బెదిరించడానికి?

ఆలోచన మంచిదే. ఇప్పటికీ మంచిదే అంటాను. అయితే ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నది ఇంకో ప్రశ్న కదా. ఆ ప్రశ్న దగ్గర నేను ఆగలేదు. స్టాఫ్ రూములో కూర్చుని ఇలా రాశాను:

"అందరికీ నమస్కారం. నా ఫోన్ హ్యాక్ అయినది. నా పేరు మీద ఒక అసహ్యమైన వీడియో మీకు రావచ్చును. అందులో ఉన్నది నేనే కానీ నేను కాదు. దయచేసి ఎవరూ చూడవద్దు. చూసినా నమ్మవద్దు. ఇట్లు, పి. ప్రకాశ్, ఎమ్మెస్సీ."

ఫోన్లో ఉన్న ప్రతి పేరుకీ, ప్రతి గ్రూపుకీ పంపాను. ఎమ్మెస్సీ ఎందుకు పెట్టానని అడక్కండి. ఆ రోజు నా దగ్గర మిగిలిన పరువు అదొక్కటే.

పంపి ఊపిరి పీల్చుకున్నాను. రెండో ఊపిరికి జవాబులు మొదలయ్యాయి.

"సార్, ఏ వీడియో?"

"సార్ నాకు రాలేదు. మళ్ళీ పంపండి."

"అన్నా, ఇక్కడ సిగ్నల్ లేదు, వీడియో ఓపెన్ అవట్లేదు. ఎన్ని నిమిషాలది?"

"బ్రదర్, మీ కోసం ప్రార్థిస్తున్నాం. ప్రార్థనలో ప్రత్యేకంగా చెప్పుకోవడానికి, వీడియోలో ఏముందో కాస్త వివరంగా రాయగలరు."

మా మేనత్త గొంతు రికార్డు చేసి పంపింది. "నాయనా, నువ్వేదో వీడియోలో వచ్చావంటగా! ఎలా చూడాలో నాకు తెలీదు. పక్కింటామె రాగానే పెట్టించుకుని ఇద్దరం చూస్తాంలే."

గ్యాస్ అతను ఒక్కడే మనిషిలా మాట్లాడాడు: "ఓకే సార్. మీ బండ రేపు వస్తుంది."

అరగంటలో ప్రిన్సిపాల్ గారు పిలిచారు. తలుపు వేయమన్నారు.

"ప్రకాశ్ గారూ, ఒకే ఒక్క ప్రశ్న. వీడియోలో మన కాలేజీ బోర్డు కనబడుతోందా?"

"లేదండి. మా ఇంటి అద్దం దగ్గరండి. నా మొహం మాత్రమే, గెడ్డం నురగతో."

"నురగెందుకు?"

"గీసుకుంటున్నానండి."

ఆయన చాలాసేపు ఆలోచించారు. "సగం గెడ్డంతో ఇలాంటి పనులు ఎవరూ చెయ్యరు. మీరు అమాయకులేనని నాకు నమ్మకం కుదిరింది. అయినా రెండు రోజులు సెలవు పెట్టండి" అన్నారు.

ఇంటికి వచ్చేసరికి కరుణ వచ్చి ఉంది, యూనిఫాం కూడా మార్చుకోలేదు. ఫోన్ చేతిలో పట్టుకుని కుర్చీలో కూర్చుంది.

"వార్డులో ఇంజెక్షన్ చేస్తున్నాను" అంది. "నాకన్నా ముందు ఆయాకి వచ్చింది. ఆమె చదివి వినిపించింది."

"కరుణా, నేను..."

"గ్యాస్ అతనికీ నాకూ ఒకే మెసేజా ప్రకాశ్?"

పెళ్ళయ్యాక ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. తిట్టినా బావుండేది. కింద కూర్చున్నాను.

"చూపించండి" అంది.

చూపించాను. మొత్తం చూసింది, ఒక్క రెప్ప వేయకుండా. నర్సు కదా, శరీరాలకి ఆమె బెదరదు. ఆమె చూసింది నన్ను. "మిమ్మల్ని చూడండి ఎలా ఉన్నారో. భయపడ్డ మొహం అది. ఇది చూసి నేను ఇంకోలా అనుకుంటానని ఎలా అనుకున్నారు?"

"రెండు రోజులు మాట్లాడాను ఆమెతో."

"ఏం మాట్లాడారు?"

"కప్ప గుండె."

కరుణ నవ్వాలా ఏడవాలా తెలియక మొహం గోడవైపు తిప్పుకుంది. "ఇంకేం చేశారు? నిజం చెప్పండి." డబ్బు సంగతి చెప్పాను. పొద్దున వంతెన సంగతి కూడా చెప్పాను. అప్పుడు కొట్టింది. భుజం మీద, వీపు మీద, పిడికిళ్ళతో, ఏడుస్తూ కొట్టింది. "మజ్జిగ ఇచ్చాను నేను! మీరు చావడానికి వెళ్తుంటే మజ్జిగ తాగి వెళ్ళమన్నాను!" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ వినబడుతుంటుంది.

మొహం కడుక్కుని వచ్చింది. "పదండి పోలీస్ స్టేషన్‌కి" అంది.

గేటు దగ్గర ఒకమ్మాయి నిలబడి ఉంది. మా రెండో సంవత్సరం విద్యార్థిని, లావణ్య. నెమలి అనే ఊరి దగ్గర పల్లె. నాన్న కౌలుకి పత్తి వేస్తాడు. పుస్తకాల సంచి గుండెకి హత్తుకుని ఉంది.

"సార్ ఉన్నారా మేడమ్?"

ఈమె కూడా వీడియో అడగడానికే వచ్చిందనుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అలాగే అనుకున్నాను.

"సార్, మీ మెసేజ్ చూశాను. అందరికీ ఎలా చెప్పగలిగారు సార్?"

"ఏదో తెలివితక్కువ పనమ్మా. క్లాసు విషయమైతే ఎల్లుండి..."

"క్లాసు కాదు సార్." సంచిని ఇంకా గట్టిగా హత్తుకుంది. కరుణ నన్ను పక్కకి తోసి ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

ఎవరో పేరు తెలియనివాడు, కాలేజీ ఫంక్షన్లో లావణ్య దిగిన ఫోటోలోంచి మొహం కోసి, దేనికో అతికించి ఆమెకే పంపాడు. నిజం ఫోటోలు పంపకపోతే దీన్ని ఊరంతా పెడతానన్నాడు. మూడు వారాలుగా రోజుకి నాలుగుసార్లు. ఆమె పంపలేదు. ఎవరికీ చెప్పనూలేదు. కాలేజీకి రావడం మానేసింది. ఇంట్లో మాత్రం వస్తున్నట్టే బయల్దేరేది, బస్టాండులో సాయంత్రందాకా కూర్చుని వెళ్ళేది.

"ఇవాళ కూడా పుస్తకాలు పట్టుకునే బయల్దేరాను మేడమ్. కానీ ఇంటికి తిరిగి రాకూడదనుకున్నాను." కరుణ ఆమె చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది. "బస్సులో ఉండగా సార్ మెసేజ్ వచ్చింది. సార్ అంతటివారికే ఇలా అయింది, సార్ చచ్చిపోలేదు కదా, అందరికీ చెప్పేశారు కదా అనుకున్నాను. దిగి ఇటు వచ్చేశాను."

అదే పొద్దున, గంట అటూ ఇటుగా, నేను ఎక్కడ నిలబడ్డానో ఆ అమ్మాయికి తెలియదు. ఇంకొకటి కూడా ఆమెకి తెలియదు. మూడు వారాలుగా రిజిస్టర్లో ఆమె పేరు ఎదురుగా నేను ఆబ్సెంట్ వేసుకుంటూ పోయాను. ఒక్కసారైనా "ఈ పిల్ల ఏమైంది?" అని పక్కవాళ్ళని అడగలేదు. ఊరూ పేరూ తెలియని శ్వేతకి కప్ప గుండె బొమ్మ గీసి మరీ పంపాను. నా ఎదుట రెండో బెంచీలో కూర్చునే పిల్ల గుండె ఆగిపోబోతుంటే చూడలేదు. నా కథలో దొంగలు చేసింది ఎంతైనా, ఇది మాత్రం నేను చేసింది.

ముగ్గురం స్టేషన్‌కి వెళ్ళాం. అక్కడ ఎస్సై ఒక మేడమ్. ముందు నన్ను కూర్చోబెట్టారు.

"చాటింగ్ చూపించండి."

"భయమేసి డిలీట్ చేశానండి."

"వాళ్ళ నంబర్లు?"

"బ్లాక్ చేసి తీసేశానండి."

"డబ్బు పంపిన మెసేజ్‌లు?"

"మా ఆవిడ చూస్తుందని అవీ తీసేశానండి."

"మరి ఏం ఉంచారండీ?"

"వీడియో ఒక్కటే ఉందండి."

కరుణ స్టేషన్ పైకప్పు కేసి చూసింది. పక్కన ఫిర్యాదులు రాసుకునే రైటరు దగ్గొచ్చినట్టు నటిస్తూ బయటికి వెళ్ళాడు.

తర్వాత లావణ్య సంచిలోంచి నోట్‌బుక్ తీసింది. తారీఖులు, టైములు, వాడు ఏ పేర్లతో వచ్చాడో, ఏం రాశాడో, అన్నీ వరసగా. ఫోన్లో ప్రతిదానికీ స్క్రీన్‌షాట్. ఎస్సై మేడమ్ పేజీలు తిప్పి నా వైపు చూశారు. "మీ దగ్గరేనా ఈ అమ్మాయి చదువుకుంటోంది?"

"అవునండి."

"కష్టమే పాపం."

ఇన్ని ఆధారాలు ఎందుకు దాచావని అడిగితే లావణ్య చెప్పింది, "నేను పోయాకైనా తప్పు నాది కాదని మా నాన్నకి తెలియాలని మేడమ్."

రైటరు తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

నాన్నని పిలిపిస్తానని ఎస్సై మేడమ్ అంటే ఆ పిల్ల కరుణ వెనక్కి జరిగింది. ఆయన చేలోంచి నేరుగా వచ్చాడు, చొక్కా మీద పత్తి పింజలు అలాగే ఉన్నాయి. కరుణే నెమ్మదిగా చెప్పింది. అంతా విని కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చంపేస్తావనుకున్నా నాన్నా."

"నేనా?" అన్నాడు. అంతే. కూతురి రెండు పాదాలూ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

వాడు నెలలోపే దొరికాడు. వాళ్ళ ఊరివాడే. వాళ్ళింట్లో కూర్చుని టీ తాగుతూ, "పిల్ల ఏంటి, చిక్కిపోయింది?" అని వాళ్ళ నాన్ననే అడిగినవాడు. కేసు ఇంకా నడుస్తోంది. లావణ్య డిగ్రీ పూర్తి చేసింది, బీఈడీ కూడా చేసింది. ఇప్పుడు ఒక స్కూల్లో సైన్సు చెబుతోంది. పిల్లలెవరైనా రెండు రోజులు రాకపోతే ఫోన్ చేస్తుందట. నేను నేర్పింది కాదు అది.

నా దొంగలు మాత్రం దొరకలేదు. పోయింది పోయింది. మొదటి పైసా పంపకముందే వచ్చి ఉంటే ఏదైనా చేయగలిగేవాళ్ళమని ఎస్సై మేడమ్ అన్నారు. పంపినకొద్దీ వాళ్ళు మళ్ళీ అడుగుతారు తప్ప ఆగరని కూడా చెప్పారు.

ఇక అన్నిటికన్నా అవమానకరమైన సంగతి. ఆ వీడియో ఎవరికీ రాలేదు. ఆ రోజు రాలేదు, ఆ వారం రాలేదు, ఈ నాలుగేళ్ళలోనూ రాలేదు. నా దగ్గర ఇక డబ్బు రాలదని తెలియగానే వాళ్ళు నన్ను వదిలేసి ఇంకో అద్దం ముందు ఇంకో సగం గెడ్డాన్ని వెతుక్కుంటూ పోయారు. మా మేనత్త ఇప్పటికీ అడుగుతుంటుంది, "నాయనా, ఆ సినిమా నాకింకా రాలేదేం?" అని. నా పరువు తీస్తామని బెదిరించినవాళ్ళు తీయనేలేదు. ఆ పని మొత్తం నేనే, ఎమ్మెస్సీ సంతకంతో సహా, పూర్తి చేసిపెట్టాను.

కాబట్టి తిరువూరు పురప్రజల సాక్షిగా, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నన్ను ఎవరు ఏ విధంగా బెదిరించినా, ఏమీ చెరపను, ఏమీ పంపను, ఊరందరికీ చెప్పేముందు ఇంట్లో చెబుతాను. ఒకవేళ ఇంట్లో చెప్పడానికి సిగ్గేస్తే ఊరందరికీ చెబుతాను గానీ, నోరు మూసుకుని మాత్రం కూర్చోను.

ఇది చదివి కరుణ ఆఖరి వాక్యం కొట్టేయమంది. లావణ్య ఉంచమంది.

ఉంచాను.